కడుపులో ఉండగానే ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అమ్మాయికి 21వ వారం. బరంపురంలో టిఫా స్కాన్ తీస్తే బిడ్డకి నడుం దగ్గర వెన్నెముక మూసుకోలేదని, తలలో నీరు చేరుతోందని చెప్పారు. గ్రహణం నాడు బయట తిరిగిందని మా వియ్యపురాలు గారు అమ్మాయినే అంటున్నారు. అల్లుడు ఫోన్లో ఏదో చూసి, కడుపులో ఉండగానే ఆపరేషన్ చేస్తారట, అప్పు చేసైనా చేయిద్దాం అంటున్నాడు. పిల్ల టెన్షన్‌తో తిండి మానేసింది. మేం ఏం చెయ్యాలి?
- ఒక తల్లి, గుణుపురం

జవాబు: అమ్మా, వారాలు దాటిపోతాయని మీతో ఫోన్లో ముందే మాట్లాడాను. ఈ కష్టం ఇంకొందరికీ ఉంటుంది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట గ్రహణం సంగతి. బిడ్డ వెన్నుపాము మూసుకోవడం గర్భం నిలిచాక 28వ రోజుకల్లా అయిపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. ఆ తర్వాత ఎన్ని గ్రహణాలు వచ్చినా వెన్నెముకను చీల్చలేవు. మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. వియ్యపురాలు గారికి ఈ పేజీ చూపించండి. నాదీ మీ పక్కనున్న పర్లాకిమిడే. ఈ నింద మోస్తూ నా దగ్గరికి వచ్చిన తల్లులను చాలామందిని చూశాను. బిడ్డ జబ్బు కంటే ఆ మాటే వాళ్లను ఎక్కువ కుంగదీసేది.

మీ అల్లుడు గారు చూసింది అబద్ధం కాదు. ఈ జబ్బులో నరాలు రెండుసార్లు దెబ్బతింటాయి. వెన్నెముక మూసుకోకపోవడం మొదటి దెబ్బ. తెరుచుకుని ఉన్న ఆ నరాలు నెలల తరబడి ఉమ్మనీటిలో నానడం, కడుపు గోడకు రాసుకోవడం రెండోది. రెండోదాన్ని ఆపవచ్చని 1995లో గొర్రెపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఇక మనుషుల సంగతి తేల్చడానికి 2003లో అమెరికాలో ‘మామ్స్’ అనే పరిశోధన మొదలైంది. ఫిలడెల్ఫియా, నాష్‌విల్, శాన్‌ఫ్రాన్సిస్కో, ఈ మూడు చోట్లే చేశారు. ఎవరికి కడుపులో ఉండగా, ఎవరికి పుట్టాక ఆపరేషన్ చేయాలో చీటీ తీసినట్టు నిర్ణయించారు. ఫలితం తేలేదాకా ఆ దేశంలో మిగతా ఆసుపత్రులు ఈ ఆపరేషన్ చేయకుండా ఆగాయి. తల్లిదండ్రులు బతిమాలుతున్నా నిజం తేలేదాకా అలా ఆగడానికి ఎంత నిబ్బరం కావాలో సర్జన్‌గా నాకు తెలుసు. ఇవాళ మీకు నేను ధైర్యంగా అంకెలు చెప్పగలుగుతున్నానంటే అది వాళ్ల చలవే.

2011లో వచ్చిన ఫలితం ఇది. పుట్టాక ఆపరేషన్ చేసిన పిల్లల్లో నూటికి 82 మందికి ఏడాదిలోపు తలలో నీటిని మళ్లించే షంట్ గొట్టం వేయాల్సి వచ్చింది. కడుపులో ఉండగా చేసినవాళ్లలో 40 మందికే. రెండున్నరేళ్లకు ఏ ఆసరా లేకుండా నడిచినవాళ్లు, పుట్టాక చేసినవాళ్లలో నూటికి 21 మంది, కడుపులో ఉండగా చేసినవాళ్లలో 42 మంది.

ఇక రెండో పక్క. కడుపులో చేయించుకున్నవాళ్లలో నూటికి 79 మందికి నెలలు నిండకుండానే కాన్పు అయింది, కొందరికి ముప్ఫై వారాలలోపే. గర్భసంచి మీద పెద్ద కోత పడుతుంది. దాదాపు మూడోవంతు మందిలో కాన్పు నాటికి ఆ కుట్టు పలచబడిపోయింది, కొందరిలో విడిపోయింది. ఆ తర్వాత ప్రతి కాన్పూ సిజేరియనే. ఇంత చేసినా, రెండున్నరేళ్ల నాటికి మూత్రం అదుపులో పెద్ద తేడా రాలేదు. గొట్టంతో మూత్రం తీయాల్సిన అవసరం రెండు వైపులా ఉంది. వీడియోల్లో మొదటి సగమే చూపిస్తారు, అందుకే రెండో సగం ఇంత వివరంగా రాశాను.

పైగా ఇది అందరికీ కుదరదు. 26 వారాలలోపే చేయాలి. ఒక్క బిడ్డే ఉండాలి, మరే లోపం ఉండకూడదు, జన్యు పరీక్ష బాగుండాలి, తల్లి బరువు మితిమీరి ఉండకూడదు. మన దేశంలో పెద్ద నగరాల్లో అక్కడక్కడా చేస్తున్నారు. వెళ్లేట్టయితే ఒక్క మాట నిలదీసి అడగండి: ఇక్కడ ఇలాంటివి ఎన్ని చేశారు, ఆ పిల్లలు ఇప్పుడెలా ఉన్నారు? సూటిగా జవాబు రాకపోతే అప్పు చేయకండి.

పుట్టాక ఆపరేషన్ చేయించడం బిడ్డకు అన్యాయం చేయడమని మీ అల్లుడు గారు అనుకుంటున్నట్టుంది. కానే కాదు. నా సర్వీసంతా నేను చేసింది అదే. కానీ కాన్పు మాత్రం గుణుపురంలో వద్దు. పిల్లల సర్జన్, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రిలోనే, బరంపురమో విశాఖో, ముందే మాట్లాడి పెట్టుకోండి. పుట్టగానే, చీలిక దగ్గర వీపు మీద ఉబ్బి ఉండే తిత్తి ఎండిపోకుండా సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పాలి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టకూడదు, రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలి.

ఫోన్లో మీ అమ్మాయి ఏడుస్తూ నన్నడిగింది ఒక్కటే: ‘నా బిడ్డ నడుస్తుందా?’ చీలిక ఎంత కిందికి ఉంటే అంత ఆశ ఉంటుంది తల్లీ. నడుం అడుగున ఉంటే కాళ్లకు పట్టీలు, ఊతకర్రల సాయంతోనైనా చాలామంది నడుస్తారు. పైన ఉంటే చక్రాల కుర్చీ అవసరం కావచ్చు. చీలిక ఏ పూస దగ్గర మొదలైంది, పాదాలు కదులుతున్నాయా అన్నవి రిపోర్టులో రాయించుకోండి.

గర్భం వద్దనుకునే హక్కు కూడా మీ అమ్మాయికి ఉంది. ఇంత తీవ్రమైన లోపం ఉంటే 24 వారాల వరకు, ఆ తర్వాత మెడికల్ బోర్డు అనుమతితో, 2021లో సవరించిన చట్టం ఒప్పుకుంటుంది. అది ఆమె నిర్ణయం. అత్తవారిదీ కాదు, మీదీ కాదు, నాదీ కాదు.

మళ్లీ గర్భం కోరుకున్నప్పుడు నెల తప్పాక మందు మొదలుపెడితే ఆలస్యమే. ఇలాంటి కాన్పు జరిగినవాళ్లు ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే ఈ లోపం మళ్లీ రావడం నూటికి 72 వంతులు తగ్గిందని 1991లోనే రుజువైంది. మన షాపుల్లో దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. డాక్టరును అడిగి, గర్భానికి ప్రయత్నించే రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టించండి.