స్పీచ్ థెరపీ చదివి మింగుడు సమస్యలు చూస్తానంటున్న అమ్మాయి గురించి

సూళ్లూరుపేట నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి బైపీసీ పూర్తయింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు, చెన్నైలో బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల మీద డిగ్రీ) చేసి మింగలేని పేషెంట్లకి థెరపీ చేస్తానంటోందట. తాతగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఒక థెరపిస్ట్ ఆయన చేత మళ్లీ జావ తాగించడం చూసిందట. "స్పీచ్ థెరపీ అంటే మాటలు రాని పిల్లలకి నేర్పడం కదండీ, మింగడానికి కూడా చదువుంటుందా, ఉద్యోగం దొరుకుతుందా" అని ఆయన అడిగారు.

ఉంటుందండీ. మాట్లాడ్డానికి వాడే నాలుక, పెదాలు, గొంతుతోనే మింగుతాం కూడా కాబట్టి ఈ పని స్పీచ్ థెరపిస్టుల దగ్గరికే వచ్చింది. పక్షవాతం, పార్కిన్సన్స్, తలకి దెబ్బ తగిలినవాళ్లు, నోటి కేన్సర్‌కి ఆపరేషనో రేడియేషనో అయినవాళ్లు, చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు, నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లలు, వీళ్లందరిలో ఈ ఇబ్బంది వస్తుంది.

పని ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే మీ అమ్మాయి చూసింది చివర్లో జావ తాగించడం మాత్రమే, దాని ముందు చాలా జరుగుతుంది. పేషెంట్ మెలకువగా ఉన్నాడా, కూర్చోగలడా, గట్టిగా దగ్గగలడా చూసి, నోరు శుభ్రం చేసి, స్పూన్‌తో కొంచెం నీళ్లిచ్చి, గొంతు మీద వేళ్లు పెట్టి గుటక వేసినప్పుడు కంఠం పైకి లేస్తోందా చూస్తారు, తర్వాత "ఆ" అనమంటే గొంతు గురగురలాడుతోందా వింటారు. కానీ కొందరికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గే రాదు, బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, తర్వాత న్యుమోనియా వస్తుంది. దీన్ని సైలెంట్ ఆస్పిరేషన్ అంటారు, నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికంటే భయపడాల్సింది ఇదే. అందుకే అనుమానం ఉంటే బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదంటే ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసే ఫీస్ (FEES) టెస్ట్ చేస్తారు, ఇది 1988 నుంచి వాడుకలో ఉంది.

ట్రీట్‌మెంట్ కూడా అందరికీ ఒకటే ఉండదు. గడ్డం కిందికి దించి మింగమనడం ఒకరికి మేలు చేస్తే ఇంకొకరికి పనిచేయదు. ఆహారం ఎంత చిక్కగా ఉండాలో ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ ప్రమాణంలో 0 నుంచి 7 దాకా లెవెల్స్ ఉన్నాయి, మామూలు నీళ్లు 0, మనం రోజూ తినే మామూలు తిండి 7. 10 ఎంఎల్ సిరంజిలో ద్రవం పోసి 10 సెకన్లలో ఎంత మిగిలిందో చూసి చిక్కదనం తేలుస్తారు. దీన్ని మన వంటకి సరిపెట్టడమే అసలు నైపుణ్యం. రసం అన్నం మెత్తగా ఉంటుంది కదా అని ఇంట్లోవాళ్లు పెట్టేస్తారు, కానీ అందులో మెతుకులు వేరు, పలచటి రసం వేరు, మెతుకు నోట్లో ఉండగానే రసం ముందే జారిపోతుంది. అదే అన్నం పెరుగుతో మెత్తగా ముద్దలా రుబ్బి ఇస్తే చాలామంది మింగగలరు. ఇవన్నీ పుస్తకంలో ఉండవండీ, మంచం పక్కన నిలబడి సీనియర్ చూపిస్తే నేర్చుకోవాల్సిందే.

అందుకే కాలేజీ ఎంపిక దగ్గర గట్టిగా చెప్తున్నా. కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఈ కోర్సులకి గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి. తర్వాత పెద్ద ఆస్పత్రి ఉన్న కాలేజీకే మొగ్గు చూపండి, పోరూరులో శ్రీ రామచంద్ర లాంటివి. అడ్మిషన్ వాళ్లని ఫీజు కంటే ముందు ఇవి అడగండి: స్టూడెంట్స్‌ని న్యూరో వార్డుకీ ఐసీయూకీ పంపుతారా, ఫీస్ టెస్ట్ జరుగుతుంటే పక్కన నిలబడనిస్తారా. క్లినిక్‌లో పిల్లల కేసులే చూపించే చోట చేరితే డిగ్రీ వస్తుంది గానీ అమ్మాయి కోరుకున్న పని చేతికి రాదు. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, అంటే ఐష్‌కి కూడా అప్లై చేయించండి, ఈ రంగంలో దేశంలో పెద్ద పేరు దానిదే.

ఉద్యోగం సంగతి. మింగుడు ఒక్కటే చూసే పోస్టులు తక్కువ, మొదట్లో వినికిడి పరీక్షలు, పిల్లల స్పీచ్ అన్నీ చేయాలి, జీతం కూడా మొదట్లో పెద్దగా ఉండదు. న్యూరో, కేన్సర్ ఉన్న పెద్ద ఆస్పత్రులే ఈ పనికి మనుషుల్ని తీసుకుంటాయి, అవి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లోనే ఎక్కువ, కాబట్టి సూళ్లూరుపేటలోనే ఉండాలనుకుంటే కష్టం. మాస్టర్స్ ఇంకో 2 ఏళ్లు, అది చేస్తేనే ఈ వైపు గట్టిగా నిలబడగలదు, డబ్బు లెక్క 6 ఏళ్లకి వేసుకోండి.

ఇంకొకటి, అమ్మాయితో కూర్చుని మాట్లాడండి. ఆహారం పంపే ట్యూబ్ తీసేయండి, నోటితో ఒక్క ముద్ద పెడతాం అని ఇంటివాళ్లు ఏడుస్తుంటే ఇప్పుడు వద్దు అని చెప్పాల్సింది తనే. కఫం, చొంగ, వాంతి కూడా రోజూ ఉంటాయి. ఇవి విన్నాక కూడా కావాలంటే ఆపకండి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి చెన్నై ఆస్పత్రులకి వచ్చే మనవాళ్లకి తెలుగులో జాగ్రత్తలు చెప్పే థెరపిస్ట్ చాలా అవసరం, ఆ వార్డుల్లో తనకి తెలుగు బాగా పనికొస్తుంది, తమిళం మాత్రం మొదటి ఏడాదిలోనే నేర్చుకోమనండి.