దగ్గరి సంకరం బలహీనమైతే, హైబ్రిడ్ విత్తనానికి దాన్నే ఎందుకు వాడతారు?

అడిగిన ప్రశ్న: "రక్తసంబంధం ఉన్నవాటిని కలిపితే పుట్టేవి బలహీనంగా ఉంటాయంటారు. మరి హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం కోసం తరతరాలుగా సొంత పుప్పొడితో పెంచిన రకాలనే ఎందుకు తీసుకుంటారు? గొర్రెలకూ ఇదే లెక్కా?"

మాది సీడ్ మొక్కజొన్న, అంటే కంపెనీలకు హైబ్రిడ్ విత్తనం పండించే ఊరు. మా చేలో ఫిమేల్ సాళ్ల (సొంత పుప్పొడితో పెంచిన తల్లి రకం వరుసల) మధ్య నిలబడితే సగం జవాబు అక్కడే కనిపిస్తుంది. మొక్క పొట్టిగా, కాండం సన్నగా, కంకి చిన్నగా ఉంటుంది. గట్టు అవతల మామూలు హైబ్రిడ్ మాత్రం మనిషిని దాటి పెరుగుతుంది. రెండింటికీ అదే నేల, అదే యూరియా.

మొక్కజొన్నకు పైన ఉండే జల్లు మగ పువ్వు, పీచు వచ్చే కంకి ఆడ పువ్వు. గాలికి పక్క మొక్కల పుప్పొడి వచ్చి పడుతుంది కాబట్టి, చాలా జన్యువుల విషయంలో తల్లి నుంచి వచ్చిన కాపీ ఒక రకం, తండ్రి నుంచి వచ్చింది ఇంకో రకం. ఒకటి చెడిపోయినా రెండోది పని నడిపిస్తుంది, లోపం పైకి తెలియదు. అదే ఒక మొక్క పుప్పొడిని దాని పీచు మీదే వేసి సంచి కడుతూ పోతే, ఇలాంటి వేర్వేరు జతలు తరానికి సగం చొప్పున తగ్గుతాయి. ఏడు తరాలయ్యేసరికి ఒక్క శాతం కూడా మిగలవు. అప్పటిదాకా దాగి ఉన్న లోపాలు ఒక్కొక్కటే బయటపడతాయి. కొన్ని మొలకలైతే పచ్చదనం లేకుండా తెల్లగా వచ్చి, గింజలోని ఆహారం అయిపోగానే చనిపోతాయి. ఆ లోపాలు కొత్తగా పుట్టినవి కావు, ముందునుంచీ ఉన్నవే.

అలా వడకట్టగా మిగిలిన రకాలు బలహీనమే కానీ, దేని బలహీనత దానిదే. వేర్వేరు కుటుంబాల నుంచి వచ్చిన రెండింటిని కలిపితే ఒకదానిలో చెడిన జన్యువు చాలావరకు రెండోదానిలో బాగానే ఉంటుంది. అందుకే పిల్ల మొక్క ఒక్కసారిగా పుంజుకుంటుంది. దీన్ని అమెరికాలో జార్జ్ షల్ అనే శాస్త్రవేత్త 1908లోనే ప్రచురించారు. మన హైదరాబాద్‌లో తయారైన హైబ్రిడ్ మొక్కజొన్న డీహెచ్‌ఎం 117 కూడా బీఎంఎల్ 6, బీఎంఎల్ 7 అనే రెండు అలాంటి రకాల సంకరమే. పైగా తల్లీ తండ్రీ మారకుండా ఉంటాయి కాబట్టి ఏటా అదే హైబ్రిడ్‌ను మళ్లీ తయారు చేయొచ్చు. కంపెనీలకు కావాల్సింది ఇదే.

జల్లు తీసే రోజుల్లో ఊళ్లో అందరికీ టెన్షనే. ఫిమేల్ పీచుల మీద పక్క సాళ్లలోని తండ్రి రకం పుప్పొడే పడాలి కాబట్టి, ఫిమేల్ సాళ్లలో జల్లు పుప్పొడి రాల్చకముందే, ఆకు తెగకుండా, ఒక్కటీ మిగలకుండా పీకాలి. మిగిలితే ఆ పుప్పొడి ఫిమేల్ పీచుల మీదే పడి సెల్ఫ్ గింజలు (సొంత పుప్పొడి గింజలు) కడతాయి. చూపుకి మంచి గింజకీ దానికీ తేడా తెలియదు. అదే బస్తాలో కలిసి వెళ్లి, రైతు చేలో మొలిచాక గుర్తుపట్టొచ్చు: చుట్టూ ఏపుగా హైబ్రిడ్, మధ్యలో పొట్టిగా, పీలగా సెల్ఫ్. దగ్గరి సంకరం ఏం చేస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే చోటు నాకు తెలియదు.

హైబ్రిడ్ పంట గింజల్నే దాచి మళ్లీ విత్తితే దిగుబడి పడిపోయేది కూడా ఇందుకే. ఆ ఒక్క తరంలోనే వేర్వేరు జతల్లో సగం పోతాయి. ఒక మొక్క పొడవు, ఒకటి పొట్టి, కంకులు ఒక్కసారిగా రావు.

వరికి ఈ బాధ లేదు. వరి పువ్వు సహజంగానే తన పుప్పొడితో తనే గింజ కడుతుంది. వేల తరాలుగా అలా జరగడంతో చెడ్డ జన్యువులు చాలావరకు ఎప్పుడో ఏరిపోయాయి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి విత్తనాన్ని కేళీలు (చేలో కలిసిన వేరే రకం మొక్కలు) ఏరుకుంటూ ఇంట్లోనే దాచుకోవచ్చు. కాబట్టి "సొంత పుప్పొడి అంటే నష్టమే" అని అన్ని పంటలకూ చెప్పడం తప్పు.

ఇక గొర్రెల సంగతి. మందలో పుట్టిన పొట్టేలునే విత్తనపు పొట్టేలుగా ఉంచితే, అది తన చెల్లెళ్లను, తర్వాత తన కూతుళ్లనే దాటుతుంది. తండ్రీ కూతుళ్ల కలయికలో పిల్లకు ఒకే జన్యువు రెండు కాపీలుగా వచ్చే అవకాశం 25 శాతం. తండ్రి ఒకటై తల్లులు వేరైన అన్నాచెల్లెళ్లయితే 12.5 శాతం. మనుషుల్లో మేనమామ, మేనకోడలి పెళ్లికి కూడా ఇదే 12.5. వంకర కాళ్ల పిల్లలు పుడతాయని ఎదురుచూడకండి, నష్టం అలా కనిపించదు. ఈనే గొర్రెలు తగ్గుతాయి, పిల్లలు తక్కువ బరువుతో పుడతాయి, చిన్న జబ్బుకే చనిపోతాయి. కాపరులు దాన్ని మేత మీదో వానల మీదో వేసేస్తారు.

మందంతా అమ్మేయనక్కర్లేదు. గొర్రెలు ఎంత దగ్గరి సంకరంతో పుట్టినా, చుట్టరికం లేని పొట్టేలుతో దాటిస్తే పుట్టే పిల్లల్లో ఆ శాతం ఒక్క తరంలోనే సున్నా అవుతుంది. రెండేళ్లకోసారి, కూతుళ్లు ఎదకు రాకముందే పొట్టేలును మార్చండి. కొనేటప్పుడు అది ఏ మంద నుంచి వచ్చిందో అడగండి. పక్క ఊరిది కదా అని తెచ్చుకున్న పొట్టేలు, ఒక్కోసారి మీరే రెండేళ్ల కిందట అమ్మిన పొట్టేలు కొడుకై ఉంటుంది.