వేషధారణ అంటే అయ్యగారు ఎందుకు నొచ్చుకున్నారు?

సందేహం: మాది కావలి దగ్గర పల్లె. మా సంఘం యాభై ఏళ్ల పండుగ సంచికకు ‘మా అయ్యగార్ల వేషధారణ: అప్పుడు, ఇప్పుడు’ అని వ్యాసం రాశాను. పంచె, కండువాతో సైకిలెక్కి వచ్చిన పాత పాస్టర్లు, తర్వాత తెల్ల ప్యాంటు తెల్ల చొక్కా, ఇప్పుడు సూటూ బూటూ. ఇదీ విషయం. ‘మమ్మల్ని వేషధారులంటావా’ అని అయ్యగారు నొచ్చుకున్నారు. పెద్దలు శీర్షిక మార్చమన్నారు. వేషం అంటే దుస్తులే కదా? ఇంకొకటి, ఫాదర్లు వేసుకునేది నిలువంగీయా, నిలువుటంగీయా?

సమాధానం: అమ్మా, నిఘంటువు మీ పక్షాన ఉంది. చెవి మాత్రం మీ అయ్యగారి పక్షాన ఉంది.

సంస్కృతంలో వేషం మంచి మాటే. అమరకోశం దాన్ని ఆకల్పం, నేపథ్యం, ప్రసాధనం లాంటి మాటలతో కలిపి చెప్పింది. అన్నీ అలంకారానికి సంబంధించినవే. (నేపథ్యం అప్పట్లో వేషాలంకరణ. ఇప్పుడు మనం దాన్ని ‘వెనుక కథ’ అనే అర్థంలో వాడేస్తున్నాం. మాటలకూ బట్టలు మారతాయి.) ‘వేషభాషలు’ అన్న జంటలో ఆ పాత మర్యాద ఇంకా మిగిలి ఉంది.

తెలుగులోకి వచ్చాక వేషం వీధినాటకాల్లోకి దిగింది. వేషం కట్టడం, వేషం వెయ్యడం, పగటివేషాలు అంటూ తనది కాని రూపం తొడుక్కోవడానికి పేరైంది. తిక్కన మీ నెల్లూరు కొలువులో ఉన్నవాడే కదా, ఆయన విరాటపర్వం తీసి చూడండి. ధర్మరాజు కంకుభట్టయ్యాడు, భీముడు వంటవాడయ్యాడు. అవన్నీ వేషాలే. అక్కడ మరుగు ఉంది కానీ తప్పు లేదు. వాడుకలో ఆ కాస్త గౌరవమూ పోయింది. మీ వైపు పిల్లాణ్ణి ‘వేషాలెయ్యబాకురా’ అని కసురుకుంటే బట్టల గురించని ఎవరైనా అనుకుంటారా?

ఇంతవరకు అందరి తెలుగు. మీ సంఘం తెలుగులో ఇంకో మెలిక ఉంది. బైబిలు అనువాదంలో, మత్తయి 23వ అధ్యాయంలో, ‘వేషధారులైన శాస్త్రులారా, పరిసయ్యులారా’ అని ఆనాటి యూదు మతపెద్దలను యేసు మందలించడం మళ్లీ మళ్లీ వస్తుంది. అక్కడి గ్రీకు మాటకు పాత అర్థం రంగస్థల నటుడు. ఆ నటులు ముఖానికి తొడుగు పెట్టుకుని ఆడేవారు. లోపల ఒకటి, పైకి ఒకటి అనే అర్థం తర్వాత వచ్చింది. దానికి మన అనువాదకులు ‘కపటి’ అనో ‘దొంగభక్తుడు’ అనో రాసి ఊరుకోవచ్చు. అలా చేయకుండా వీధినాటకం నుంచి మాట తెచ్చి పెట్టారు. నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. బైబిల్లోనే పౌలు రాసిన ఒక పత్రికలో, అంటే ఉత్తరంలో, ‘సాతాను తానే వెలుగుదూత వేషము ధరించుకొనుచున్నాడు’ అని కూడా ఉంది. ఆదివారం ఆదివారం ఇవి వినే చెవికి ‘వేషధారణ’ అనగానే ‘వేషధారి’ తోడొస్తాడు. పైగా ఆ 23వ అధ్యాయంలోనే చెంగులు పెద్దవి చేసుకునేవాళ్ల మీద ఒక విసురు ఉంది. మీ వ్యాసమూ బట్టల గురించే. అయ్యగారికి ఆ రెండూ ఒక్కసారే తగిలాయి.

మీ ప్రాంతపు చరిత్ర కూడా కొంత కారణం కావచ్చు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో కుదురుకుంది, 1866లో క్లౌ దొర ఒంగోలు చేరాడు. బాప్టిస్టు బోధకులకు ఫలానా అంగీ వేసుకోవాలన్న నియమం లేదు. నియమం లేనిచోట జనం చూపే నియమం. కోటు వేస్తే ‘దొర అయ్యాడు’ అంటారు, నలిగిన చొక్కా వేస్తే ‘సంఘానికి పరువు లేదా’ అంటారు. అసలు ఒకే బట్టను ఒకరు కట్టు అంటే ఇంకొకరు వేషం అంటారు. 1606లో మదురై చేరిన ఇటలీ పాదిరి రాబర్ట్ డి నోబిలి కావి కట్టి సన్యాసిలా బతికితే తోటి పాదిరులే తప్పుపట్టారు. తగవు రోముకు పోయింది. 1623లో పోపు ఆయన పక్షాన చెప్పాడు.

ఇక శీర్షిక. ‘వస్త్రధారణ’ పెడితే గొడవ ఉండదు, కానీ అందులో బడి నోటీసు వాసన వస్తుంది. పత్రికలవాళ్లు ఇష్టపడే ‘ఆహార్యం’ వద్దే వద్దు, అదీ నాటకం నుంచి వచ్చినదే. నాలుగు రకాల అభినయంలో అదొకటి. తప్పించుకోబోయి మళ్లీ రంగస్థలం మీదికే ఎక్కుతారు. ‘కట్టుబొట్టు’ చక్కని మాట, కానీ బొట్టు పెట్టుకోని చోట ఎందుకు? బొట్టు వదిలేసి కట్టు ఉంచండి. పంచెకట్టు, చీరకట్టు అంటాం కదా. ‘మా అయ్యగార్ల కట్టు: నాడు, నేడు’ అంటే సూటు వేసుకున్నాయన కూడా నొచ్చుకోడు. మరీ సాదాగా ‘మా అయ్యగార్ల బట్టలు’ అన్నా నాకు సమ్మతమే. మీ పెద్దలు ఏమంటారో మరి.

రెండో సందేహం చిన్నది. నిలువుటంగీయే సరైనది. నిలువు, అంగీ కలిసినప్పుడు మధ్యలో ‘ట’ వస్తుంది. బడిలో టుగాగమ సంధి అని చదివే ఉంటారు, నిలువుటద్దం లాగానే. మార్కు సువార్త 12వ అధ్యాయంలో శాస్త్రులు వేసుకుని తిరిగేవీ నిలువుటంగీలే. అయితే మీ వ్యాసంలో ఆ వచనం మాత్రం ఎత్తకండి. ఈసారి ఫాదర్లు నొచ్చుకుంటారు.