పటిక గ్లాసులు పెట్టే ముందు

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

సైన్స్ ఫెయిర్‌కి ఇసకపల్లి ఉప్పుతో ‘ఉష్ణోగ్రత - స్ఫటికీకరణ’ (వేడిని బట్టి గింజ కట్టడం) ప్రయోగం చేస్తావంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ప్రశ్న బాగుంది అబ్బయ్యా, ఎంచుకున్న సరుకే కుదరదు.

ఉప్పు వేడికి పెద్దగా లొంగదు. 100 మి.లీ. నీళ్లలో 20 డిగ్రీల దగ్గర 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్లలో కూడా 39 దగ్గరే ఆగిపోతుంది. కాచి కరిగించి చల్లార్చావనుకో, అడుగున చిటికెడు రాలుతుంది, అంతే. మడుల్లో ఉప్పు పండేది నీళ్లు చల్లారి కాదు, ఆవిరై. సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల దాకా లవణాలుంటాయి. ఆ నీళ్లు ఎండకి ఎగిరి దాదాపు పదో వంతుకి వస్తే గానీ ఉప్పు గింజ కట్టదు. అంతకు ముందే జిప్సం అనే వేరే లవణం అడుక్కి దిగిపోతుంది. నీళ్ల చిక్కదనం కొలిచే బోమె మీటరు ముంచి 25 డిగ్రీలు వచ్చిందా అని చూసేది అందుకే. అవి వేడి డిగ్రీలు కావు. ఉప్పు తీశాక మెగ్నీషియం మిగిలిన చేదు నీళ్లని బయటికి వదిలేస్తారు. అదంతా వేరే ప్రయోగం, ఎండాకాలం సెలవుల్లో చూద్దాం. ఈ కార్తీక ముసురులో నీ పళ్లెంలో ఉప్పు ఎప్పటికి ఎండేను?

నువ్వు పటిక తీసుకో. 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీళ్లలో సుమారు 12 గ్రాములే కరిగేది, 60 డిగ్రీలకి 50 గ్రాములు దాటిపోతుంది. నీకు కావలసిన తేడా అది. పచారీ కొట్లో తెల్లగా పాలిపోయిన ముక్కలిస్తే వద్దను. అవతలి వైపు కనిపించేంత తేటగా ఉన్న గడ్డ అడుగు, సెలూన్లో గడ్డం గీశాక రుద్దే రకం. నీలంగా అందంగా ఉంటుందని మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) జోలికి మాత్రం వెళ్లకు. అది విషం, వంటింట్లోకి రానివ్వకూడదు.

900 మి.లీ. నీళ్లలో 270 గ్రాముల పటిక పొడి వేసి, 60 డిగ్రీల దాకా వేడి చేసి కలుపు. వేడి మీదే గుడ్డలో వడకట్టు, దుమ్ము ఉంటే దాని చుట్టూనే గింజలు మొదలవుతాయి. తొమ్మిది ఒకే రకం గ్లాసుల్లో సమానంగా పొయ్యి. 50 డిగ్రీల కిందికి దిగకముందే పోసెయ్యాలి. 45 దగ్గరికి వస్తే నీ చేతిలోనే గడ్డకట్టడం మొదలెడుతుంది. మూడు గ్లాసులు ఫ్రిజ్‌లో (పైన డీప్‌ఫ్రీజర్‌లో కాదు), మూడు గదిలో, మూడు థర్మాకోల్ డబ్బాలో. రొయ్యలు తెచ్చే డబ్బా ఉంటుంది చూడు, దాన్ని వాసన పోయేదాకా కడిగి, గ్లాసుల చుట్టూ ఊక కూరు. అన్నిటికీ మూతలు పెట్టు. లేకపోతే ఫ్యాను గాలికి నీళ్లు ఎగిరి, గింజ కట్టింది చల్లదనానికా ఆవిరికా అన్నది తేలదు.

రెండు రోజులు కదిలించకు. తొంగి చూడాలని ఉంటుంది, తెలుసు. చూడకు.

ఇక్కడే చాలామంది పిల్లలు తడబడతారు. ఫ్రిజ్ గ్లాసులో రెండు సంగతులు ఒకేసారి మారాయి: త్వరగా చల్లారింది, ఎక్కువగానూ చల్లారింది. ఎక్కువ చల్లారింది కాబట్టి మొత్తం బరువు ఎక్కువొస్తుంది. త్వరగా చల్లారింది కాబట్టి ఒక్కసారిగా వందచోట్ల గింజ మొదలై, ఏదీ పెద్దది కాకుండా పోతుంది. ఈ రెండిటినీ కలిపి ఒకే వాక్యంలో రాశావో, జడ్జిలు పట్టుకుంటారు. ఊక డబ్బాలోదీ గదిలోదీ మాత్రం చివరికి ఒకే ఉష్ణోగ్రతకి వస్తాయి, తేడా వేగంలోనే. కాబట్టి గింజ సైజు గురించి మాట్లాడేటప్పుడు ఆ రెండిటినీ పోల్చు. బరువు గురించి అడిగితే ఫ్రిజ్‌దీ గదిదీ చూపించు. అర్థం కాలేదంటే అమ్మమ్మ నెయ్యి కాచినరోజు చూడు. గట్టు మీద మెల్లగా చల్లారిన నెయ్యే పూస కడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టింది నున్నగా పేరుకుంటుంది.

గింజల్ని నీళ్లతో కడగకు, కరిగిపోతాయి. పైనున్న ద్రావణం వంచేసి, బ్లాటింగ్ పేపరు మీద నీడలో ఆరబెట్టు. ఎండలో, పొయ్యి దగ్గర వద్దు. పటిక గింజలో నీరు కూడా భాగమే, అది పోతే పొడిబారి బరువు తగ్గుతుంది. తూచడానికి పచారీ కొట్టు కాటా పనికిరాదు, బంగారం షాపు వాళ్లని బతిమాలు. సైజుకి గ్రాఫ్ కాగితం మీద పరిచి ఫోటో తియ్యి. చక్కగా పెరిగినవాటికి ఎనిమిది ముఖాలు కనిపిస్తాయి. పక్కన ఇసకపల్లి గళ్లుప్పు నాలుగు పలుకులు పెట్టు, అవి ఘనాకారంలో ఉంటాయి. నీ ఉప్పు సరదా కూడా తీరుతుంది.

మూడు గ్లాసుల్లో ఒకటి మిగతా రెండిటితో కలవకపోతే దాన్ని దాచెయ్యకు, ఉన్నదున్నట్టు పట్టికలో రాయి.

ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు ముంచేవు, 42 డిగ్రీలు బాగా దాటితే పాడైపోతుంది. మీ ఫిజికల్ సైన్స్ సారుని అడిగి ల్యాబ్‌ది తెచ్చుకో, శనివారం లోపే. సోమవారానికి అందరూ దానికోసమే కూర్చుంటారు.

ఇట్లు,
తాతయ్య