పేపర్లతో అని కొన్న కుక్కపిల్లకు పేపర్లు రాలేదు: కుక్కను వెనక్కి ఇచ్చేయాలా?

ప్రశ్న: మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఆరు నెలల క్రితం మధురవాడ వైపు కుక్కపిల్లలను పెంచి అమ్మే ఒకరి దగ్గర లాబ్రడార్ ఆడ కుక్కపిల్లను కొన్నాం. పేపర్లు లేకుండా అయితే 15 వేలు, కెన్నెల్ క్లబ్ పేపర్లతో (కుక్క వంశం చెప్పే నమోదు పత్రంతో) అయితే 32 వేలు అన్నారు. పేపర్లతోనే కావాలని చెప్పి 20 వేలు ఫోన్‌పేలో పంపి, 12 వేలు చేతికిచ్చాం. రెండు నెలల్లో పేపర్లు వస్తాయని వాట్సాప్‌లో రాశారు. బిల్లు అడిగితే కుక్కలకు బిల్లులుండవన్నారు. ఇప్పుడేమో తల్లికే పేపర్లు లేవట. ఇష్టం లేకపోతే కుక్కను ఇచ్చేసి డబ్బు పట్టుకుపొమ్మంటున్నారు. పిల్లలు దాన్ని వదిలి ఉండలేరు. మాకు దారేమిటి?
ఒక పాఠకురాలు

జవాబు: కుక్కను ఇవ్వనక్కరలేదు. పేపర్ల పేరు చెప్పి అదనంగా తీసుకున్న 17 వేలు మాత్రం వెనక్కి అడగండి. 'ఇచ్చేసి డబ్బు పట్టుకుపొండి' అనే మాట న్యాయంగా వినిపిస్తుంది గానీ, అది అమ్మకందారు ఎత్తు. ఆరు నెలలు పెంచిన పిల్లను ఎవరూ తెచ్చి ఇవ్వరని ఆయనకు బాగా తెలుసు.

చట్టం ఎలా చూస్తుందో చెబుతాను. మీ ఇంట్లో అది మూడో బిడ్డ కావచ్చు, 1930 నాటి వస్తు విక్రయ చట్టానికి మాత్రం కుక్క చరాస్తి, అంటే సరుకే. ఫలానాదని వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలన్నది అదే చట్టంలోని 15వ సెక్షన్. సరుకు మీ చేతికొచ్చి, మీరు దాన్ని మీదిగా స్వీకరించిన తరువాత లోపం బయటపడితే, సాధారణంగా తిరస్కరించే హక్కు పోతుంది, నష్టపరిహారం అడిగే హక్కు మిగులుతుంది. మీకు కావలసిందీ అదే కదా. 59వ సెక్షన్ ప్రకారం సరుకు మీ దగ్గరే ఉంచుకుని, అమ్మకందారుపై పరిహారానికి దావా వేయవచ్చు. మామూలుగా ఇలాంటి కేసుల్లో ఆ పరిహారం ఎంతో తేల్చడమే పెద్ద తలనొప్పి. మీ కేసులో అమ్మకందారే రెండు ధరలు చెప్పి లెక్క తేల్చిపెట్టాడు. ఆ రెండు ధరల సంభాషణ రాతలో ఉంటే ప్రాణం పెట్టి కాపాడుకోండి.

అసలు ఆ పేపర్లు ఇకమీదట వస్తాయా అంటే, రావనే అనుకోండి. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశావళి పత్రంలో తల్లిదండ్రులు, వారి పూర్వీకులు, పుట్టిన తేదీ, పెంపకందారు, యజమాని వివరాలుంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ నమోదై ఉంటేనే ఆ ఈతలో పుట్టిన పిల్లలను పెంపకందారు నమోదు చేయించగలడు. తల్లికే పేపర్లు లేనప్పుడు పిల్లకు వంశావళి ఎక్కడి నుంచి వస్తుంది? కనుక రెండు నెలల్లో వస్తాయని రాసిన రోజుకే అది నెరవేరని మాట అని ఆయనకు తెలిసి ఉండాలి. ఇది ఆలస్యం కాదు, మోసపూరిత ప్రకటన అని వాదించడానికి మీకు దొరికిన బలమైన ఆధారం ఇదే. 'తల్లికి పేపర్లు లేవు' అని ఆయన ఫోనులో నోటితో అని ఉంటే, మళ్లీ మర్యాదగా వాట్సాప్‌లో అడిగి రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఒక సంగతి స్పష్టం చేయాలి. కెన్నెల్ క్లబ్ ప్రభుత్వ సంస్థ కాదు. పేపర్లు లేని కుక్కను కొనడం, పెంచడం నేరం కాదు. 15 వేలకే కొని ఇప్పుడు పేపర్లు కావాలని మీరు అడిగి ఉంటే, నా జవాబు వేరుగా ఉండేది. ప్రభుత్వ నిబంధనలు వేరే ఉన్నాయి. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం అమ్మకానికి పిల్లలను పెంచేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మే కుక్కకు మైక్రోచిప్ ఉండాలి. మీ పిల్ల మెడ దగ్గర చిప్ ఉందో లేదో పశువైద్యుడి దగ్గర స్కాన్ చేయించి, ఫలితాన్ని ఆయన లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. నోటీసులో అమ్మకందారును నమోదు పత్రం చూపమని కూడా అడగండి. చాలామందికి అది ఉండదు. అడిగేసరికే గొంతు మారుతుంది.

బిల్లులుండవన్న మాట కూడా ఆయనకే చుట్టుకుంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లేని నాణ్యత ఉందని చెప్పడమూ అంతే. మీకు అమ్మిన వ్యక్తికి కుక్కపిల్లలు అమ్మడమే వ్యాపారం కనుక ఈ చట్టం వర్తిస్తుంది. పక్కింటివారు తమ కుక్క ఈనిన పిల్లల్లో ఒకదాన్ని ఎప్పుడో ఒకసారి అమ్మి ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది.

అవతలి న్యాయవాది ఒక మెలిక పెట్టవచ్చు. 'ఆడ కుక్కను పేపర్లతో కోరారంటే పిల్లలు పెట్టించి అమ్ముకోవడానికే, కనుక మీరు వినియోగదారు కారు' అని. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారికి ఈ చట్టం రక్షణ ఇవ్వదన్న మాట నిజమే. అయితే ఇంట్లో పెంచుకునే కుక్కకు ఎప్పుడో ఒక ఈత పిల్లలు కావాలనుకోవడం వ్యాపారం కిందికి రాదని నా అభిప్రాయం. మీ పాత సందేశాల్లో అలాంటి మాటలేమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే దాచకండి, సమాధానం సిద్ధం చేసుకోండి.

ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజుల గడువివ్వండి. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చాలా సందర్భాల్లో 17 వేల కోసం ఎవరూ వాయిదాలు తిరగరు, అక్కడే రాజీకి వస్తారు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, న్యాయవాది ఉండితీరాలని లేదు. అమ్మకందారు ఏ ఊరివాడైనా మీరు నివసించే చోటనే వేయవచ్చు.

నగదుగా ఇచ్చిన 12 వేలకు రుజువు ఏమిటని భయపడకండి. ఆ రోజు ఏటీఎంలో తీసిన మొత్తం, పక్కనే ఉన్నవారి ప్రమాణపత్రం, '32 ముట్టాయి' అన్న సందేశం ఏదైనా ఉంటే చాలు. వాట్సాప్ ముక్కలను స్క్రీన్‌షాట్లుగా మాత్రమే ఇస్తే సరిపోదు. ఫోను మార్చకుండా, మొత్తం సంభాషణను భద్రపరచి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం జత చేయండి.

పోలీసు కేసు సంగతి అడగలేదు గానీ, తరువాత అడుగుతారు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు పెట్టవచ్చు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. స్టేషన్లో 'ఇది సివిల్ వ్యవహారం' అని పంపేసే అవకాశమే ఎక్కువ. నకిలీ పత్రం చేతికిచ్చి ఉంటే అది వేరే కథ.

కొనబోయే మిగతా పాఠకులకు ఒక మాట. ప్రదర్శనలకు తీసుకెళ్లాలనో, పుట్టే పిల్లలను నమోదు చేయించాలనో ఉంటే తప్ప పేపర్లకు రెట్టింపు పోయడం నాకు నచ్చదు. పేపర్లు వంశాన్ని చెబుతాయి, ఆరోగ్యాన్ని కాదు. లాబ్రడార్లలో తుంటి కీలు జబ్బు పేపర్లున్న వాటికీ వస్తుంది. సముద్రపు ఉక్కపోతలో హస్కీని పెంచాలనుకునేవారికి ఏ పేపరూ సాయం చేయదు. అయినా పేపర్లే కావాలంటే తల్లిదండ్రుల నమోదు సంఖ్యలు, పత్రం ఇచ్చే గడువు, ఇవ్వకపోతే తిరిగి ఇవ్వాల్సిన మొత్తం ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. పేపర్ల తాలూకు సొమ్ము పత్రం చేతికొచ్చి, అందులోని చిప్ సంఖ్య కుక్క మెడలోని సంఖ్యతో సరిపోయాకే ఇవ్వండి.

పాఠకురాలికి చివరిగా గడువు సంగతి. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా కమిషన్‌కు వెళ్లాలి. ఆ కారణం కొన్న రోజున ఏర్పడిందా, పేపర్లు ఇస్తానన్న గడువు దాటాకనా అనే వాదన ఎందుకు? కొన్న తేదీ నుంచే లెక్కపెట్టుకుని నోటీసు ఈ వారంలోనే పంపండి.