బావ మాత్రల సంచి

చిరంజీవి అల్లుడికి,

బావకు హెర్నియా ఆపరేషన్ వచ్చే వారమని అక్క ఫోన్‌లో చెప్పింది. ఆదోని నుంచి కర్నూలుకు బయలుదేరేటప్పుడు ఆయన మింగే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని రా. టీబీ మాత్రల అట్టలు కూడా. సర్జన్‌కు చూపించి ఊరుకోకు, మత్తు డాక్టరు చేతికి ఇవ్వు.

పీల్చే మత్తుమందు చాలావరకు ఊపిరితోనే బయటికి పోతుంది. మిగిలినదాన్ని లివర్‌లోని ఒక ఎంజైమ్ విరగ్గొడుతుంది. రోజూ తాగే అలవాటు ఉన్నా, ఐసోనియాజిడ్ అనే టీబీ మాత్ర వాడుతున్నా ఆ ఎంజైమ్ పెరుగుతుంది. పెరిగితే మంచిదేగా అనిపిస్తుంది. కానీ హాలోథేన్ లాంటి మందు విరిగినప్పుడు పుట్టే పదార్థం లివర్ ప్రొటీన్లకు అతుక్కుంటుంది. కొందరి శరీరం అప్పుడు తన లివర్‌నే పరాయిదనుకుని దాడి చేస్తుంది. ఒకసారి పీల్చి కొద్దిరోజులకే మళ్ళీ పీలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

1956 నుంచి వాడుకలోకి వచ్చిన హాలోథేన్‌లో దాదాపు 20 శాతం లివర్ మీదే పడేది. తర్వాత వచ్చిన ఐసోఫ్లురేన్ అనే మత్తుమందులో అది 0.2 శాతమే. సెవోఫ్లురేన్ అనే ఇంకో మందు విరిగినా లివర్‌కు అతుక్కునే ఆ పదార్థం పుట్టదు. ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేవి ఈ రెండే, అందుకని మరీ భయపడకండి.

నా సర్వీసు మొదట్లో ఒకాయనకు నెలలో రెండోసారి హాలోథేన్ ఇచ్చాను. తొలి ఆపరేషన్ వేరే చోట జరిగింది. దాని తర్వాత నాలుగు రోజులు జ్వరం వచ్చిందని ఇంట్లోవాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. వారం తిరక్కముందే కళ్ళు పచ్చబడ్డాయి. ఆయన బతకలేదు. ఆయన భార్య ముఖం నాకింకా గుర్తుంది.

బావ సాయంత్రాలు తాగుతాడని మనకు తెలుసు. అక్క పక్కనుంటే "అప్పుడప్పుడు" అంటాడు. ఆ మాట అడిగే సమయానికి అక్కను బయట కూర్చోబెట్టు. ఎంత తాగుతాడో, ఎన్నేళ్ళుగానో ఉన్నది ఉన్నట్టు చెప్పించు. టీబీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, అది ఇంకో ముప్పు. నడుముకు సూది ఇచ్చి చేయడం కుదురుతుందా అని కూడా అడుగు. హెర్నియాకు చాలాసార్లు కుదురుతుంది.

ఇంటికి వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం, వాంతులు, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే పసరు మందుకు తీసుకుపోవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి, నాకూ ఫోన్ చెయ్యి.

ఇంకొకటి. బావకు అపెండిక్స్ తీసినప్పటి డిశ్చార్జి కాగితం అక్క బీరువాలో ఉండాలి. ఈ రాత్రే వెతకమను.

మీ మామ