సుప్రీంకోర్టులో వాదించాలంటే గొంతు ఎంత పెద్దదుండాలి?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. బిడ్డ పన్నెండో తరగతి. వక్తృత్వ పోటీల్లో ఎప్పుడూ ఫస్టే. ఫోన్‌లో సుప్రీంకోర్టు వాదనలు చూసి 'నేనూ అక్కడ వాదిస్తా' అంటోంది. ఇంగ్లీషు అంతంత మాత్రమే. లా చదివించమంటారా?

జవాబు: చదివించండి. కాకపోతే వక్తృత్వంలో ఫస్ట్ వస్తోంది కాబట్టి వాదనలోనూ నెగ్గుకొస్తుందన్న లెక్క మాత్రం పక్కన పెట్టండి. పోటీలో అయిదు నిమిషాలు మాట్లాడినా మధ్యలో ఎవరూ ఆపరు. సుప్రీంకోర్టులో రెండో వాక్యానికే ఆపుతారు.

ఒకసారి విజిటర్ పాస్ తీసుకుని ఓ శుక్రవారం అక్కడ వెనకాల కూర్చున్నాను. సోమ, శుక్రవారాలు ఎక్కువగా కొత్త కేసులను విచారణకు తీసుకోవాలా వద్దా అని చూసే రోజులు. బోర్డు మీద ఐటెం నంబర్లు చకచకా మారుతున్నాయి. ఒక పెద్ద లాయరు కేసు నేపథ్యం మొదలుపెట్టారు. జడ్జిగారు తలెత్తకుండానే, అదంతా చదివాం, హైకోర్టు తీర్పులో తప్పెక్కడుందో చూపించండి అన్నారు. ఈయన కాగితాలు తిరగేస్తున్నారు. వెనక నిలబడ్డ జూనియర్ అమ్మాయి వంగి పేజీ నంబరు చెప్పింది. ఆ పేజీ దొరికేలోపే కేసు డిస్మిస్ అయిపోయింది. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో! ఆ పెద్దాయన ముఖం మర్చిపోయాను గానీ, ఆ అమ్మాయి ఇప్పటికీ గుర్తుంది.

అక్కడ కేసు చాలావరకు కాగితం మీదే నడుస్తుంది. జడ్జీలు ఫైలు ముందే చదువుకుని వస్తారు. చదివాక కూడా వాళ్లకు మిగిలిన అనుమానం తీర్చడమే లాయరు పని. మొదటి గండం దాటితే అవతలివాళ్లకు నోటీసు వెళ్తుంది, తర్వాత తీరికగా పెద్ద వాదన. అమెరికా సుప్రీంకోర్టులో మామూలుగా ఒక్కో పక్షానికి అరగంటే. మన దగ్గర అంత కట్టడి లేదు. కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీల ముందు 68 రోజులు వాదించారు. మీ బిడ్డ ఫోన్‌లో చూసేవి బహుశా అయిదుగురు, అంతకన్నా ఎక్కువమంది జడ్జీలు కూర్చునే రాజ్యాంగ ధర్మాసనం విచారణలు. 2022 సెప్టెంబర్ నుంచి లైవ్‌లో ఇస్తున్నారు. అవి పండగపూట భోజనం లాంటివి, రోజువారీ కోర్టు అలా ఉండదు.

మీ ఊరి పక్కనే ఉదాహరణ ఉంది. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ గొడవ మీకు నేను చెప్పక్కర్లేదు. రాష్ట్రాల మధ్య తగాదా కాబట్టి 2006లో ఆంధ్రప్రదేశ్ నేరుగా సుప్రీంకోర్టులోనే దావా వేసింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పొచ్చింది. బయట రెండువైపులా ఎన్ని ఆవేశపు ప్రసంగాలు! తీర్పు చదివితే లెక్కలు కనిపిస్తాయి. మహారాష్ట్ర వాడుకోగలిగేది 2.74 టీఎంసీలు, మార్చి 1న కిందికి వదలాల్సింది 0.6 టీఎంసీలు, జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు ఎత్తే ఉంచాలి. ఇలాంటి కేసులో ఏ మ్యాపు, ఏ ఒప్పందం, ఏ పేజీ అన్నది నాలుక చివర ఉండాలి.

ఇక ఇంగ్లీషు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు వ్యవహారమంతా ఇంగ్లీషులోనే, తప్పదు. కానీ టీవీ యాంకర్‌లా మాట్లాడక్కర్లేదు, పొట్టి వాక్యంలో సూటిగా జవాబు చెబితే చాలు. 2023 ఫిబ్రవరిలో మహారాష్ట్ర శివసేన కేసుతో మొదలుపెట్టి రాజ్యాంగ ధర్మాసనం వాదనలను అక్షరాల్లో కూడా పెడుతున్నారు. రాజకీయం ఎలాగూ తెలిసిందే కాబట్టి రోజుకు రెండు పేజీలు చదవమనండి. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, తానైతే ఏం చెప్పేదో రాసుకుని, ఆ తర్వాత లాయరు జవాబు చూడాలి. ఏ కోచింగూ దీనికి సాటి రాదని నా నమ్మకం.

జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది, మహారాష్ట్ర లా సీఈటీ మరాఠీలోనూ రాయొచ్చు. రెండూ రాయించండి. అయిదేళ్ల డిగ్రీ అయ్యాక నేరుగా ఢిల్లీ పంపొద్దు. జూనియర్లకు వచ్చేది అక్కడి గది అద్దెకు కూడా చాలకపోవచ్చు. ముందు బిలోలీ, నాందేడ్ కోర్టుల్లో సాక్షిని ప్రశ్నించడం నేర్చుకోనివ్వండి. తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన లాయరుకు ఆ వైపు పనికి కొదవుండదు. తర్వాత హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్, అక్కడ ఇంగ్లీషు దారిలో పడుతుంది.

సుప్రీంకోర్టులో తన పేరు మీద కేసు ఫైల్ చేయాలంటే మాత్రం అడ్వకేట్ ఆన్ రికార్డ్ కావాలి. నాలుగేళ్ల ప్రాక్టీసు, ఆపై ఏడాది శిక్షణ, పరీక్ష, కోర్టుకు 16 కిలోమీటర్ల లోపు ఆఫీసు. అంటే ఎంత తొందరపడినా ఇరవై ఎనిమిదేళ్లు వస్తాయి. ఈ లోపు పెళ్లి టెన్షన్ పెట్టుకోనని మీరు మాటివ్వగలరా? ఆ ప్రశ్న బిడ్డకు కాదు, మీకు.

వచ్చే జూలై 1న బాబ్లీ గేట్లు ఎత్తేటప్పుడు తనను వెంట తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక ఆ తీర్పు తెరిచి, ఆ తేదీ ఏ పేజీలో ఉందో వెతకమనండి.